ముప్పై ఒకటో ప్లేటు

జనవరి 6
మొదటి ప్లేటు ఫెయిల్. గంటసేపు ఆకాశానికి చూపించినా ఒక్క చుక్క పడలేదు. నక్షత్రాల ఫొటోలకి పనికొచ్చే గాజు ప్లేట్లు ఇప్పుడు ఎక్కడా దొరకవు, అందుకే ఎమల్షన్, అంటే గాజు మీద పూసే మందు, ఇంట్లోనే కాచుకునే ఈ తిప్పలు. సిల్వర్ నైట్రేట్ మంచిదే, జెలటిన్‌దే తప్పని కెమిస్ట్రీ మాస్టారు తేల్చారు. ఇప్పటి జెలటిన్ మరీ శుభ్రమట, వెలుగుకి మందకొడిగా ఉంటుందట. పాతకాలపుది కావాలట. డిజిటల్ కెమెరా కొనుక్కుని హాయిగా పడుకోక నీకెందుకయ్యా ఇదంతా అని కూడా అన్నారు.

జనవరి 9
పాత జెలటిన్ ఇంట్లోనే ఉంది! అటక మీద నాన్న స్టూడియో నెగెటివ్‌లు, రెండు పెట్టెలు. ప్లేట్లన్నీ బ్లీచ్ చేసి, వేడినీళ్లలో నానబెట్టి, ఆ పొరలు గీకి, కరిగించి వడగట్టాను. గాజుకి గాజు, జెలటిన్‌కి జెలటిన్. ఎవరెవరి మొహాలో మరి. నెగెటివ్‌లో అందరూ తెల్లజుట్టు దయ్యాలే, ఎవరు చూస్తారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

జనవరి 13
అద్భుతం. ఇరవై నిమిషాలకే ధ్రువనక్షత్రం చుట్టూ చుక్కలన్నీ సూదిమొనల్లా వచ్చాయి. ఒక మూల చిన్న మరక ఉంది.

జనవరి 14
మరక కాదు. ఆడమనిషి చెయ్యి. గాజు సరిగ్గా కడక్కపోతే పాత బొమ్మ నీడ మిగిలిపోతుంది, స్టూడియోవాళ్లందరికీ తెలిసిందే. బద్ధకించాను. కొత్త గాజు తేవాలి.

జనవరి 17
అద్దాల షాపులో కోయించిన కొత్త గాజు. నలభై నిమిషాలు. చెయ్యి మళ్లీ వచ్చింది, ఈసారి మోచేతి దాకా.
లైట్లన్నీ వేసుకుని కూర్చున్నాను.

జనవరి 18
చెల్లి ఫోన్ చేసింది. దాని గుండె ఆపరేషన్ ఫిబ్రవరి రెండున. అమ్మ ఫొటో ఒకటి ఉండాలట, నాన్న అనేవాడట, కాస్త వెతికిపెట్టు అన్నయ్యా అంది. అది పుట్టిన మూడో రోజు అమ్మ పోయింది. దానికి అమ్మ మొహం తెలియదు. ఒకవేళ నేనూ అటే వెళ్తే గుర్తుపట్టి పలకరించాలి కదా అని నవ్వింది. నేనూ నవ్వాను.
ఫోన్ పెట్టేసి నాన్న రిజిస్టర్ తీశాను. ఊరందరినీ తీసిన మనిషి ఇంట్లోవాళ్లని తీసింది ఒక్కసారే. రెండో పెట్టె, ప్లేటు ముప్పై ఒకటి: ఆవిడ, బాబు. బాబంటే నేనే, మూడేళ్లవాణ్ణి, అమ్మ ఒళ్లో.
గీకేశాను. నా చేతులతో గీకి, వడగట్టి, సీసాలో పోశాను.

జనవరి 19
చెల్లికి చెప్పలేదు. చిన్నప్పుడు ఒక పోట్లాటలో, పుట్టగానే తల్లిని మింగావు అన్నాను దాన్ని. పెద్దవాళ్ల నోట విన్న మాటే. దానికి అప్పుడు ఏడేళ్లు. ఆ రోజంతా అన్నం ముట్టలేదు. ఆ మాట నేనింతవరకూ వెనక్కి తీసుకోలేదు. దానికి తోడు ఇప్పుడు ఇదొకటి.

జనవరి 23, రాత్రి 2
గంటన్నర ఎక్స్‌పోజర్. టెలిస్కోప్ పక్కకి పోకుండా చేత్తో తిప్పుతూ కూర్చుంటే మెడ పట్టేసింది. భుజం వచ్చింది. చీర అంచు వచ్చింది. ఎంత ఎక్కువసేపు తెరిస్తే అంత వస్తోంది. చుక్కలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

జనవరి 24
మాస్టారికి చూపించాను. ప్లేటుని లైటుకి ఎత్తిపట్టి అటూ ఇటూ తిప్పారు. లెన్సు ముందు ఎవరైనా నిలబడ్డారేమో అన్నారు. డాబా మీద నేనొక్కణ్ణే అన్నాను. టీ తాగకుండానే వెళ్లిపోయారు.

జనవరి 27
మబ్బు.

జనవరి 28
మబ్బు. సీసాలో ఒక్క ప్లేటుకి సరిపడా మిగిలింది.

జనవరి 30, తెల్లవారుజాము
రాత్రి మబ్బు విడింది. ఎనిమిది గంటలు తెరిచి ఉంచాను. గురి కోసం పెట్టుకున్న గైడ్ చుక్క మీంచి కన్ను తీయలేదు. నా వెనక ఎవరో కూర్చున్నట్టే ఉంది. తిరిగి చూడలేదు. కదిలితే ప్లేటు పాడవుతుందని సర్దిచెప్పుకున్నాను గానీ అసలు కారణం అది కాదు. భయం.
చివర్లో పైకే అనేశాను. అమ్మా, నన్ను చూసింది చాలు, చెల్లికి కనపడు. చదువుకున్నవాణ్ణి, సిగ్గేసింది.

జనవరి 31
మొహం వచ్చింది. ఎర్రలైటు కింద ఏడ్చాను. మొహం తప్ప ఇంకేమీ చూడలేదు. ప్రింటు తీసి, తడి ఆరకముందే చెల్లి దగ్గరికి పట్టుకెళ్లాను. గీకిన సంగతి చెప్పాను, చిన్నప్పటి మాట తప్పని కూడా చెప్పాను. అది వింటేగా. ఫొటో మీదే ఉన్నాయి దాని కళ్లు. నీ పోలికే అన్నయ్యా అంది. ఆ తర్వాత ఎప్పటికో, అమ్మ ఒళ్లో ఈ పసిగుడ్డు ఎవరని అడిగింది.

ఫిబ్రవరి 1
ఎవరో నేను చెప్పలేదు. పసిగుడ్డు చెవి కింద తన పుట్టుమచ్చే చూసి, అది తనేనని అదే చెప్పింది.
ఆ ఫొటోలో నేనెక్కడా లేను. నన్ను చూసింది చాలని అమ్మతో అన్నది నేనే.