ప్యాకింగ్ అన్న మాట

మంగళవారం, బ్రాంప్టన్

స్తోత్రం ప్రభువా, నాతో పనిచేసే మా సంఘపు సునీత చేతులు కాలలేదు! ప్లాంట్‌లో ఆవిరి పైపు జాయింట్‌కి ప్యాకింగ్ వెయ్యమన్నది నేనే. రెండు అంచుల మధ్య పెట్టే గాస్కెట్‌ని కూడా మా ఊరి మెకానిక్కులం ప్యాకింగే అనేవాళ్లం. ఆమె ఇక్కడ కోర్సు చేసిన మనిషి. ఆమెకు ప్యాకింగంటే తిరిగే షాఫ్ట్ చుట్టూ కూరే తాడు; అదే తెచ్చి జాయింట్‌లో పెట్టి బిగించింది. ఆవిరి వదలబోతుంటే చూసి, "ఆగమ్మా!" అని ప్రసంగం గొంతుతో అరిచాను.

"ప్యాకింగ్ అన్నది నువ్వే గదన్నా! వాక్యంల ప్రతి మాటకీ అర్థం చెప్తవ్, ఇక్కడేమైంది?"

"భాషలు తారుమారైన ఆ బాబెలు నా నోట్లోనే ఉందమ్మా, క్షమించు" అన్నాను. నవ్వేసింది. గాస్కెట్ వేశాక చుక్క కారలేదు.

కానీ ఆదివారం చర్చిలో పాస్టరుగా మైకులో నేను అరిచే మాటల్ని ఇళ్లకెళ్లి ఎవరెలా పాటిస్తున్నారో... చూసి ఆపడానికి నేనక్కడ ఉండను కదా.