మల్లయ్య ఆట, దొర పేరు

కట్టంగూర్, 1949, ఆదివారం

పట్నం మిల్లు ఫుట్‌బాల్ జట్టు మా మల్లయ్యను రమ్మంది. ఒప్పందం కాగితం రాసే మహత్కార్యం బి.ఏ. చదివిన నా నెత్తిన పడింది. గోల్ కొట్టేవాడికి నెలకు ఎనభై రూపాయలట, గోల్ కాకుండా ఆపే మల్లయ్యకు నలభయ్యేనట!

"గీయన ఎన్ని గోల్స్ కొట్టిండు?" అన్నాడు బస్సులో ఊరికొచ్చిన జట్టు మేనేజరు.

"నల్గొండల మీ టీమును ఒక్కటన్న కొట్టనిచ్చిండా, సాబ్?" అన్నాను.

ఎనభైకి ఒప్పుకున్నాడు. నేను మీసం దువ్వుకునేలోపే, సంఘపోళ్లకు భయపడి పారిపోయి, మిలిటరీ వెనకాల ఊళ్లోకి తిరిగొచ్చిన దొర కబురంపాడు: "వాడు నా జీతగాడు. వాళ్ల నాయిన అప్పు తీరలే. పైసలు నాకే రావాలె."

ఆ మేనేజరు మహాశయుడు మారుమాట లేకుండా మల్లయ్య పేరు కొట్టేసి దొర పేరు రాశాడు! ఒళ్లు మండిపోయింది. ఆడే కాళ్లు ఒకరివి, జీతం ఇంకొకరిదా?

మల్లయ్య వేలిముద్ర వెయ్యలేదు. "నన్ను దాటి బంతినే పోనియ్యలే. గా పైసలు పోనిస్తనా, అన్నా?" అన్నాడు.

రేపు పొద్దున బస్సుకే మేనేజరు వెళ్లిపోతాడు. మల్లయ్య పేరుతో కొత్త కాగితం రాశాను. దాని మీద అతని సంతకం పడేదాకా బస్సుకు అడ్డం నిలబడతాను. అడ్డం ఎట్లా నిలబడాలో మల్లయ్యను అడగాలి...