కవరు వెనక ఇంటిపేరు

పాయింట్ కుక్,
ఆదివారం.

ప్రియమైన అమ్మకు,

నేనిక్కడ కులాసాగా ఉన్నాను. నువ్వూ నాన్నా కూడా అలాగే ఉన్నారని నాన్న పంపిన ఫోటో చూసి స్థిమితపడ్డాను. ఫోన్ ఉండగా ఉత్తరాలెందుకని రాశావు. ఫోన్లో నా మాటలు తొందరపడతాయమ్మా. కాగితం మీదైతే కాస్త ఆగి, సరైన మాట వెతుక్కుంటాను. ఈ మధ్య అదే నా సరదా.

చలికి నువ్విచ్చిన స్వెట్టరు సరిపోతోంది. విద్యావతి ఆంటీ వంట బాగుంటుంది. గది అద్దెకిచ్చినా నన్ను సొంతపిల్లలాగే చూస్తారు. నీ మూడో ప్రశ్నకు జవాబు చివర్లో రాస్తాను.

మా క్లాసులో టియా అని ఆబొరిజినల్ అమ్మాయి ఉంది, ఈ దేశపు మూలవాసుల పిల్ల. వాళ్ళ అమ్మమ్మను చిన్నప్పుడే, తెల్లవాళ్ళలా పెంచాలని, సర్కారువాళ్ళు తల్లి దగ్గర్నుంచి తీసుకుపోయారట. మొన్న క్లాసులో వాళ్ళకిచ్చే ప్రత్యేక సీట్ల మీద చర్చ జరిగితే టియా ఒక్క మాటే అంది: "నా మార్కులు ఎవరూ అడగరు. ఎలా వచ్చావనే అడుగుతారు." నీ గొంతు విన్నట్టయింది. నిన్ను "కోటా డాక్టరమ్మ" అన్నవాళ్ళు గుర్తొచ్చారు.

ఇవాళ భోజనాల దగ్గర ఆ చర్చ సంగతి చెప్పాను. ఆంటీ భర్త రాధాకృష్ణ అంకుల్ కంచం పక్కకు జరిపారు.

"ఇక్కడికొచ్చినా ఈ రిజర్వేషన్ల గోల తప్పలేదమ్మా. మా అభినవ్‌కి మెడిసిన్ సీటు జస్ట్ మిస్. మనవాళ్ళం ఎంత లాసయ్యామో నీకు తెలీదా?"

"పిల్లని తిననివ్వండి," అన్నారు ఆంటీ.

"డాడ్, లీవ్ ఇట్," అన్నాడు అభినవ్ తలెత్తకుండా.

అభినవ్ బాధ అబద్ధం కాదు. రెండేళ్ళు కష్టపడి చదివాడు. కానీ టియా పెద్దలు ఎన్ని తరాలు పరీక్ష గది గుమ్మం తొక్కనే లేదో అంకుల్ తలపుకు రాలేదు. చెప్పాల్సిన మాట నా నోట్లో సిద్ధంగానే ఉంది. అయినా తల ఊపి పెరుగన్నం కలుపుకున్నాను.

ఇక నీ మూడో ప్రశ్న: కవరు వెనక ఇంటిపేరు రాయడం ఎందుకు మానేశావని. ఇక్కడ దిగిన రోజే అంకుల్ ఇంటిపేరు అడిగారు. నేను మా హెడ్మాస్టారి ఇంటిపేరు చెప్పాను. "మనవాళ్ళేనన్నమాట," అని నా పెట్టె ఆయనే మోసుకొచ్చారు. నా ఉత్తరాలు కూడా రైలు స్టేషన్‌కి వెళ్తూ ఆయనే పోస్టు చేస్తారు. అందుకే ఒట్టి 'నీలిమ' అని రాశాను. నువ్వు ఆస్పత్రి బోర్డు మీద పట్టుబట్టి పూర్తిగా రాయించుకున్న పేరును నేను దాచాను. క్షమించమ్మా.

రేపు ఈ కవరు కూడా అంకుల్ చేతికే ఇస్తాను. వెనక పూర్తి పేరు ఉంటుంది. ఆయన చూడకపోతే నేనే చదివి వినిపిస్తాను. టియాకి సంగతంతా చెప్పాను; గది ఖాళీ చేయమంటే కొన్నాళ్ళు తన దగ్గర ఉండమంది. భయంగానే ఉంది. రాత మాత్రం వంకర పోలేదు, చూడు.

ఇట్లు,
నీ కూతురు,
గద్దల నీలిమ