స్పీకరు చెప్పిన మాట

బర్కా (ఒమన్), మే 1992

బిడ్డ స్వరూపకు చిన్నాయన దీవెనలు.

ఇగ నీ కాలేజీ పాఠాలు రాసి పంపకు. మొన్నటిది శుక్కురారం రూముల అందరి ఉత్తరాలతోపాటు చదివి వినిపించిన. ఎదురుతిరిగిన అయిదుగురిని పట్టుకపోను ఇంగ్లండు రాజు సిపాయిలతోని పార్లమెంటుకు వచ్చుడు, వాళ్ళేరని అడిగితే 'సభ చెప్పకుంటే నాకు కండ్లు లేవు, నాలుక లేదు' అని స్పీకరు మోకాళ్ళ మీద చెప్పుడు. మా రూముల ఉండే లింగన్న చప్పట్లు కొట్టిండు.

తెల్లారి మేనేజరు వచ్చిండు. శుక్కురారం సెలవు తీసేయొద్దని అంతకుముందే మావోళ్ళు పేర్లు లేకుంట అర్జీ ఇచ్చిన్రు. రూముల చదువొచ్చినోణ్ణి నేనొక్కణ్ణే. "రాసింది నువ్వే, రాయించిందెవరు?" అన్నడు. గట్టిగ గూడ అడగలేదు. నేను మూడు పేర్లు చెప్పిన. అందుల ఒకటి లింగన్న తమ్ముడిది.

మూడోనాడు ఆ ముగ్గురిని ఇండియాకు పంపేసిన్రు. నాకు డ్యూటీ నడుస్తున్నది. అన్నం తింటున్న.

నిన్న లింగన్నకు ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. ఆయనకు చదువు రాదు. పదేండ్ల నుంచి ఆయన ఉత్తరాలన్నీ నేనే చదివిన. ఇది నా దగ్గరికి తేలేదు. చింపకుంట అంగి జేబుల పెట్టుకొని పనికి పోతున్నడు.

మీ చిన్నాయన