చుక్క లేని రాజు

ఫాంగ్ మేస్త్రి గారికి,

నూడుల్స్ అంగడి వాంగ్ ఇల్లాలు యుయేలాన్ రాసేది. పోయిన మా ఆయన పేరు చెక్కిన పలక అందింది. పని నున్నగానే ఉంది. కానీ చివరి అక్షరం మీద చుక్క ఎగ్గొట్టారు. 'యజమాని' అని ఉండాల్సిన అక్షరం ఆ చుక్క లేక 'రాజు' అయి కూర్చుంది! మా ఇంటిపేరుకి అర్థం ఎలాగూ రాజే. పైనొక రాజు, కిందొక రాజు. నూడుల్స్ పిండి పిసికిన మనిషికి ఇద్దరు రాజులెందుకు? వెంటనే సరిచేయండి.

యుయేలాన్

తా.క. రాజట! నా మాట విన్న రోజు ఒక్కటైనా ఉందా?

వాంగ్ వదినగారికి,

మేస్త్రి ఫాంగ్ తల వంచి రాసేది. చుక్క ఎగ్గొట్టలేదమ్మా, ఆపాను. మీ పుట్టింటి వైపు ఎలాగో గానీ, మా కొండల్లో వడ్రంగి ఆ చుక్క చెక్కడు. ఊళ్లో గౌరవమున్న మనిషి ఎర్రసిరాతో పెడతాడు. అప్పుడే పోయినవాళ్లు ఇంట్లోకి వచ్చి పలకలో కూర్చుంటారు. అంతవరకు ఉత్త రాజు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఫాంగ్

తా.క. తాగనివాణ్ణి పిలవండి. నిరుడు ఒకాయన నాలుగు చుక్కలు పెట్టాడు. పోయిన ముసలాయన ఏ చుక్కలో కూర్చోవాలో పాపం ఇంకా తేల్చుకోలేదు.

మేస్త్రి గారికి,

మా ఊళ్లో గౌరవమున్న మనిషి పంతులుగారొక్కరే. చదరంగంలో ఎత్తు వెనక్కి తీసుకున్నది నువ్వంటే నువ్వని వాదులాడుకుని, ఆయనకీ మా ఆయనకీ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. అయినా వచ్చారు. కుంచె ఎత్తారు. నేను పలక లాక్కుని గుండెకి అదుముకున్నాను. నాకు మతి పోయిందన్నారందరూ. చుక్క పడితే ఆయన నిజంగా పోయినట్టే కదా! రాజుగా ఉన్నంతకాలం ఎక్కడో ఊరేగుతున్నాడనుకుంటాను. రోజూ ఆయన గిన్నెలో నూడుల్స్ పెడుతున్నాను. చల్లారిపోతున్నాయి. మీరు కోప్పడతారని తెలుసు.

యుయేలాన్

తా.క. పంతులుగారు ఏడ్చారు. ఎత్తు వెనక్కి తీసుకున్నది తనేనట.

వదినా,

కోప్పడే మొహం నాకు లేదు. ఊరందరికీ చుక్క గురించి చెప్పే నా ఇంట్లో, నా భార్య పలక పదకొండేళ్లుగా చుక్క లేకుండానే ఉంది. నా చేత్తోనే చెక్కాను. ఎవరైనా అడిగితే ఎర్రసిరా ఎండిపోయిందంటాను.

మీ గిన్నె సంగతి చదివాక ఒకటి తోచింది. మనం వాళ్లని పోనివ్వకుండా పట్టుకుని కూర్చున్నామనుకుంటున్నాం గానీ, వాళ్లిద్దరూ ఇన్నాళ్లూ గుమ్మం బయటే నిలబడి ఉన్నారేమో. చలికాలం వస్తోంది. మా ఆవిడకి చలి బొత్తిగా పడదు.

మీ ఆయనకి నేనొచ్చి చుక్క పెడతాను. మా ఆవిడకి మీరొచ్చి పెట్టండి. ఎవరివాళ్లకి వాళ్లే పెట్టుకోవడం మన వల్ల కాదు.

ఫాంగ్

తా.క. సిరా నేనే తెస్తాను. అది ఎండిపోలేదు. ఏటా కొత్తది నూరుతూనే ఉన్నాను.