ముదిరిపోతున్న వంకాయలు

జరీనా,

నువ్వు పోయి నలభై రోజులైంది. నువ్వు నాటిన వంగమొక్కలు విరగకాశాయి. కోయడానికి చెయ్యి రాక పెరట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. ఈరోజు పక్కింటి పోలమ్మ గోడ మీంచి గుప్పెడు ఎండురొయ్యలు అందించి కేకలేసింది.

"వంకాయలు ముదిరిపోతా ఉండాయన్నా! వదిన చూస్తే ఊరుకుంటాదా?"

నాలుగు కాయలు కోశాను. చింతపండు ఎంత వెయ్యాలో ఆమెనే అడిగి, జీవితంలో మొదటిసారి కూర వండాను. బాగా కుదిరింది. తెలియకుండానే రెండోసారి అన్నం పెట్టుకున్నాను. అది గమనించాక ఇక కూర్చోలేకపోయాను. కంచం వదిలేసి, మిట్టమధ్యాహ్నం ఎండలో మొక్కలకు నీళ్లు పోశాను. ఆ వేళప్పుడు పోస్తే వేళ్లు ఉడికిపోతాయని నువ్వు తిట్టేదానివి. తిడతావేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను.