స్పానర్ కింద పెట్టమన్న బిడ్డ

ఈశ్వరమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఏడుస్తూ కూర్చున్నాననుకోకు, సంబరం పట్టలేక రాస్తున్నాను.

"కంప్యూటర్ బండ్లొచ్చినయి, ఇంక నీ డీజిల్ పంపు రిపేరు పని ఎవరికి గావాలె? షెడ్డు అమ్మెయ్ బావా" అని నీ తమ్ముడు కొత్తకోటంతా చాటేవాడు కదా! పొద్దున వాడి కొత్త లారీయే మన షెడ్డు ముందు ఆగిపోయింది. డీజిల్ పైపులో గాలి పట్టిందేమో, తీద్దామని పాత అలవాటుకొద్దీ ఇంజెక్టర్ నట్టుకు స్పానర్ వేశాను.

"నాయినా, స్పానర్ కింద పెట్టు! ఇది పాత పంపు గాదు. గా డీజిల్ ప్రెషర్‌కు చెయ్యి తెగుతది!" అని మన సుజాత కేక వేసింది. బండి కంప్యూటర్‌కు స్కానర్ తగిలించి చూసి, సెన్సర్ వైరు తెగిందని పట్టేసింది. వైరు కలపగానే బండి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది.

"ఏం బావా, బిడ్డతోని తిట్లు పడ్తివి గదా!" అని నీ తమ్ముడు నవ్వాడు.

"పడ్త. ఈ షెడ్డుకు ఇప్పుడు ఉస్తాద్ నా బిడ్డనే. అమ్మేది లేదు, పో!" అన్నాను.

ఆడపిల్లకు షెడ్డులో ఏం పని అని ఊరంతా అన్ననాడు, దాని చేతికి స్పానర్ ఇచ్చింది నువ్వే కదా ఈశ్వరమ్మా!

మధ్యాహ్నం పాన్‌గల్ నుంచి ఓ పాత ట్రాక్టర్ వచ్చింది. దానికి స్కానర్ తగిలించే చోటే లేదు. సుజాత నవ్వుతూ నా దగ్గరికి వచ్చింది.

"నాయినా, ఇగ పట్టు స్పానర్" అన్నది.